ఊడ్వని గదులు

గౌరీసు చెయ్యి బస్సు కడ్డీని వదల్లేదన్న కబురు పొద్దున తొమ్మిది గంటలకు వచ్చింది. అప్పటికి గానుగలో మొదటి పెనం బెల్లం దించి, రెండో పెనానికి చెరకు రసం పోస్తున్నాం. జోగారావు మోటారు సైకిలు పిప్పి కుప్పలోకి దూసుకొచ్చి ఆగింది. అతను దిగలేదు. ఇంజనూ ఆపలేదు.

“మావయ్యా, ఎక్కు. మేడమ్ రమ్మంటన్నాది.”

“పెనం ఎక్కీసింది,” అన్నాను.

“పెనం మీ వరాలు సూసుకుంటాది. మన సెయ్యొకటి మనిషిని ఈడ్చీసింది. ముందు నువ్వెక్కు.”

వరాలు నా కూతురు. పొయ్యికి అవతల నిలబడి రసం మీద తేలిన మురికి తీస్తోంది. కుడి చెయ్యి మోచేతి కింద నుంచి తనది కాదు. బూడిద రంగు చెయ్యి. మూడేళ్ల కిందట గానుగ రోలర్లు అసలు చేతిని లాక్కున్నాయి. ఏడాది ఖాళీగా కూర్చుంది. ఆ తరవాత చేతుల కేంద్రం వాళ్లు ఇది అమర్చారు. ఈ చేత్తోనే అనకాపల్లి చుట్టుపక్కల గానుగల్లో పాకం పట్టే ఒకే ఒక్క ఆడమనిషి అయింది.

“ఎల్లు నాన్నా,” అంది. “పాకం నీకన్నా నాకే బాగా తెలుసని నువ్వే అన్నావు గదా.”

నేను ఎప్పుడూ అలా అనలేదు. ఊళ్లోవాళ్లు అన్నారు. నేను కాదనలేదు, అంతే.

దారి పొడుగునా జోగారావు గాలికి అరుస్తూ చెప్పాడు. గౌరీసు చోడవరం వైపు మనిషి. స్టీలు సామాన్లు ఊరూరా తిరిగి అమ్ముతాడు. కేంద్రం వాళ్లు రెండు నెలల కిందట ఎడమ చెయ్యి పెట్టారు. నిన్న సాయంత్రం బస్సెక్కబోయి కడ్డీ పట్టుకున్నాడు. కాలు మెట్టు మీద పడకముందే బస్సు కదిలింది. మామూలు చెయ్యి అయితే జారిపోతుంది. మనిషి కింద పడతాడు, మోకాళ్లు దోక్కుపోతాయి, డ్రైవరుని నాలుగు తిట్టి లేస్తాడు. ఈ చెయ్యి లాగేకొద్దీ బిగించింది. నలభై గజాలు ఈడ్చుకుపోయింది. వెనక చక్రం కాలి మీదికి ఎక్కింది.

“బతికున్నాడా?”

“ఉన్నాడు. కాలు నేదు.”

జోగారావు బండి వేగం పెంచాడు.

చేతుల కేంద్రం పాత బెల్లం గోదాములో ఉంది. గోడలకు ఇంకా ఆ వాసన పోలేదు. ఎండ ముదిరితే చీమలు బల్లలెక్కి చిప్పుల మీద తిరుగుతాయి. అక్కడ అన్నీ చూసేది మృణాళిని గారు. గుంటూరు మనిషి, నలభై ఏళ్లు నిండలేదు. చేతులు ఎలా మెలగాలో రాసేది ఆవిడ. బిగింపుల పని జోగారావుది.

నాకూ ఆ కేంద్రానికీ ఉన్న సంబంధం ఇది. అక్కడ తయారయ్యే చేతులన్నిటికీ మొదటి పాఠం నా చేతి నుంచి తీశారు. మృణాళిని గారు ఒకసారి గానుగ చూడ్డానికి వచ్చారు. నేను మరుగుతున్న పాకాన్ని చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూడటం గమనించారు. ఇంత మెత్తగా పట్టి, ఇంత చప్పున వదిలే చెయ్యి తాను చూడలేదన్నారు. నలభై రోజులు నా కుడి చేతికి సన్న తీగల తొడుగు వేశారు. పెనం దగ్గర నేను ఏం చేస్తే, కేంద్రంలో బల్ల మీద ఒక ఉత్త చెయ్యి అదే చేసేది. దాంట్లోంచి వడగట్టి తల్లి పాఠం రాశారు. చెయ్యి ఎలా తెరుచుకోవాలి, ఎంత బరువుకి ఎంత బిగించాలి, ఎప్పుడు వదిలెయ్యాలి. దాని మీద పిల్ల పాఠాలు. కుట్టు పనికి ఒకటి, గానుగకి ఒకటి, మూటలు మోసేవాళ్లకి ఒకటి. తల్లికి తెలిసినవి పిల్లకి ఎలాగూ వస్తాయి. కొత్తవి మాత్రం రాసుకుంటే చాలు. అలా నలభై మూడు చేతులు బయటికి వెళ్లాయి.

మేం వెళ్లేసరికి మృణాళిని గారు బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. కుర్చీ ఎక్కడో మూలకి తోసేసి ఉంది.

“నాయుడుగారూ, ఈ రెండూ చూడండి. నేను ఏమీ చెప్పను. మీకేం కనిపిస్తే అది చెప్పండి.”

బల్ల మీద రెండు చేతులు. ఆవిడ మీట నొక్కారు. మొదటి చెయ్యి నెమ్మదిగా పూర్తిగా తెరుచుకుని వెల్లకిలా ఆగింది. రెండోది సగం తెరుచుకుంది. అక్కడ ఆగలేదు. గాలిని పట్టుకుంది. బొటనవేలు అడ్డం వేసి బిగించి కిందికి లాగింది. కొంచెం జరిగి మళ్లీ పట్టింది. మళ్లీ లాగింది.

“ఇది తాడు లాగతన్నాది,” అన్నాను.

జోగారావు తల పట్టుకున్నాడు. “కలాసీ! ఇశాపట్నం పోర్టులో కలాసీ ఒకడు కొత్త సెయ్యి తీసుకుని పాతది తిరిగిచ్చీసినాడు మేడమ్. దాని సిప్పే గౌరీసుకి పెట్టేను. పిప్పి ఊడ్సినట్టు ఊడ్సీసే ఉంటాదనుకున్నాను.”

కలాసీలు ఓడల్లోకి బరువులు ఎత్తేవాళ్లు. వాళ్లు తాడు వదిలితే కింద ఉన్నవాడు చస్తాడు. బరువు పెరిగేకొద్దీ బిగించడమే వాళ్ల పని.

“రెండు చేతులకీ పాఠం ఒకటేనా?” అని అడిగాను.

“ఒకటే. అక్షరం తేడా లేదు.” ఆవిడ రెండో చేతి మీట కట్టేశారు. అది లాగుతూ లాగుతూ మధ్యలో ఆగిపోయింది. “మా తప్పు ఎక్కడుందో తెల్లారేసరికి తెలిసింది. చేతిలో రెండు పొరలుంటాయి నాయుడుగారూ. పైపొరలో మేం రాసే పాఠాలు. తేలిగ్గా రాస్తాం, తేలిగ్గా మారుస్తాం. లోపలి పొర మోటార్లతో నేరుగా మాట్లాడుతుంది. మొరటుది, కానీ వేగం ఎక్కువ. కొత్త చెయ్యి లేవగానే లోపలి పొర చిప్పులో తనకి కావలసినన్ని గదులు తీసుకుంటుంది. తీసుకోవడమే. లోపల ఏముందో చూడదు.”

“మరి ఊడ్సేది?”

“తల్లి పాఠంలో మొదటి మెట్టు. ప్రతి గదీ ఖాళీ చేసి, బిగువు ఇంత, వదిలేది ఇప్పుడు అని సర్దిపెట్టేది అదే. పిల్ల పాఠానికి నేను విడిగా ఇంకో మొదటి మెట్టు రాశాను. పిల్లకి సొంత మెట్టు ఉంటే తల్లి మెట్టు దానంతట అది నడవదు. పిల్ల పనిగట్టుకుని పిలవాలి. దానికి ఒక్క వరస రాయాలి. రాయలేదు.”

“ఎవరు?”

“నేనే. మొదటి పిల్ల పాఠంలో మర్చిపోయాను. మిగతావన్నీ దాన్ని చూసే రాశాం.”

జోగారావు నా వైపు తిరిగాడు. “కొత్త సిప్పులు పేక్టరీ నుంచి కాళీగా ఒస్తాయి మావయ్యా. కాళీ గది కనిపిస్తే లోపలి పొర ఎలాగో సర్దుకుంటాది. అందుకే ఇన్నాళ్లూ బయటపడనేదు. పాత సిప్పులు పెట్టినవే పేసీ.”

“పాతవి ఎన్ని?”

“గౌరీసుది కాక పదకొండు,” అన్నారు మృణాళిని గారు. “పది మందికి పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తున్నాం, చెయ్యి తీసి పక్కన పెట్టమని. పదకొండోది...” ఆగి నా మొహంలోకి చూశారు. “మొదటి పిల్ల పాఠం గానుగదే కదండీ.”

ఆ సంవత్సరం గానుగలు మొదలయ్యే లోపల చెయ్యి కావాలని వాళ్ల వెంట పడింది నేనే. కొత్త చిప్పు రావడానికి ఇంకా నెల పడుతుందన్నారు. నేను రోజూ వచ్చి ఆ గుమ్మంలో కూర్చున్నాను. మాట్లాడే వాణ్ని కాదు. కూర్చునే వాణ్ని. చివరికి బల్ల మీద నలభై రోజులు నన్ను చూసి మెలిగిన చేతిలోంచి చిప్పు తీసి వరాలుకి పెట్టారు.

“వరాలు చేతిలో ఎప్పుడైనా తేడాగా ఏమైనా కనిపించిందా మీకు?”

“నేదు,” అన్నాను.

అబద్ధం.

చిన్నప్పుడు పాకం పడి నా చూపుడువేలి కొస చచ్చిపోయింది. అక్కడ చల్లన లేదు, వేడి లేదు. అందుకని ఉండ పాకం చూసేటప్పుడు నేను ఉంగరపు వేలు వాడతాను. లోకంలో ఇంకెవరూ అలా చూడరు. తల్లి పాఠం రాసేటప్పుడు మృణాళిని గారు ఆ వంకర తీసేసి, అందరిలాగే చూపుడువేలితో చూసేలా సరిచేశారు. నా ఎదుటే చేశారు. వరాలు చెయ్యి పెట్టుకున్న మొదటి వారం పెనం దగ్గరికి వచ్చింది. అంతకుముందు అది రసం పోసేది, పిప్పి ఎండేసేది, పాకం జోలికి రాలేదు. ఆ రోజు ఊరికే చన్నీళ్ల గిన్నెలో చెయ్యి పెట్టింది. బూడిద రంగు ఉంగరపు వేలు ముందుకొచ్చింది. ఉండని బొటనవేలికి ఆనించి ఒకసారి దొర్లించి వదిలేసింది. “దించీ నాన్నా,” అంది. సరిగ్గా దించాల్సిన సమయం.

నేను చూశాను. నోరు తెరవలేదు. నా రక్తం అనుకున్నాను. రక్తం ఇనుములోకి ఎలా వెళ్తుందని నన్ను నేను అడగలేదు.

“నేదంటే మంచిదే,” అన్నారు మృణాళిని గారు. “అయినా తీసుకురండి. ఊడ్చాల్సిందే. ఊడిస్తే రెండేళ్లలో ఆ చెయ్యి నేర్చుకున్నదంతా పోతుంది. ఆవిడకి ముందే చెప్పండి.”

“పట్టు ఒగ్గీసే గది ఒక్కటీ ఊడ్సి, మిగతావి ఉంచలేరా?”

“ఏ గదిలో ఏముందో పేర్లు ఉండవండీ. ఎవరి సామాను ఎవరిదో నేను విడదీయలేను.”

బయటికొచ్చి ఇంటికి పోలేకపోయాను. కాళ్లు ఆస్పత్రి వైపు నడిచాయి.

మగవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం గౌరీసుది. యాభై ఏళ్ల మనిషి, గడ్డం మాసింది. దుప్పటి ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క చదునుగా ఉంది. ఎడమ మోచేతి కింద ఏమీ లేదు. భార్య అమ్మాజీ మంచం కింద సంచీ సర్దుతోంది.

“ఎవరు బావూ నువ్వు?” అన్నాడు గౌరీసు.

“నీకు పెట్టిన సెయ్యి నా సెయ్యి సూసి సేసినారు.”

“ఓహో. మీ కొట్లో మారకం బాగుంది. సెయ్యిచ్చి కాలు తీసుకుంటారా?”

“ఊరుకో,” అంది అమ్మాజీ. “ముసిలాయన్ని పట్టుకుని ఏటా మాటలు.”

“మరేటనమంటావు, దండేసి దణ్నం పెట్టమంటావా?” అని కుడి చెయ్యి చాపాడు. “ఏదీ, సూడనీ.”

నా చెయ్యి ఇచ్చాను. వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూశాడు, గిన్నెకి సొట్ట ఉందేమో చూసినట్టు.

“మెత్తగానే ఉంది. మరది ఒగ్గలేదేటి? ఒగ్గీ, ఒగ్గీ అని అరిసేను బావూ. జనం డ్రైవరుతో అంటన్నాననుకున్నారు. నా సెయ్యిని నానే బతిమాలుకున్నాను. ఎప్పుడేనా ఇన్నావా అలాటిది?”

“నేదు.”

అమ్మాజీ లేచి నిలబడింది. “ముందుగా ఎవులికేనా తెలిసుంటే ఆపుదురా?”

ఆమె నిష్ఠూరంగా అడగలేదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగింది. గౌరీసు ఇంకా నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. వదిలాక నేను బయటికి వచ్చేశాను.

గానుగ దగ్గరికి చేరేసరికి మూడో పెనం మరుగుతోంది. మా అల్లుడు పైడిరాజు పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తున్నాడు. బడి నుంచి వచ్చిన మనవరాలు పెనం గట్టు మీదికి ఎక్కబోయింది. వరాలు బూడిద రంగు చేత్తో దాని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

“అమ్మా, ఒగ్గు. నొప్పి.”

ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపు పట్టింది వదలడానికి. వరాలు అది గమనించలేదు. పెనం వేడి తగిలితే నేను తెడ్డుని గట్టిగా బిగిస్తాను. జారితే ఒళ్లు కాలుతుంది మరి. ఆ చెయ్యీ వేడి దగ్గర బిగిస్తోంది. రెండేళ్లు పక్కనే నిలబడి నేను ఉంగరపు వేలు చూశాను. పట్టు చూడలేదు.

పిల్లని దూరంగా పంపించేశాను.

“వరాలూ, కేంద్రానికి ఎల్దాం పద. ఆ సెయ్యి ఊడ్వాలి.”

“గానుగలు ఆగేక సూద్దాం.”

“ఇప్పుడే.”

“ఏటయ్యింది నీకు? గౌరీసు సెయ్యి ఏరు, నాది ఏరు. రెండేళ్లలో నాది ఒక్క పెనం పాడు సేసిందా?”

“అదే తేడా,” అన్నాను.

తెడ్డు ఆపింది. నేను అంతవరకూ ఎప్పుడూ అన్ని మాటలు ఒక్కసారి చెప్పి ఎరగను. చిప్పు సంగతి చెప్పాను. తల్లి పాఠం, పిలవని వరస, కలాసీ తాడు, ఆస్పత్రిలో గౌరీసుని చూసి రావడం చెప్పాను. చివరికి ఉంగరపు వేలు చెప్పాను. చెబుతుంటే వరాలు ఆ వేలుని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది.

“సూసి నేర్సుకున్నాననుకున్నాను,” అంది. “నువ్వెప్పుడూ ఒక్క ముక్క సెప్పలేదు కదా. సెప్పకపోయినా ఒచ్చీసిందనుకున్నాను. నీకెప్పుడు తెలుసు?”

“మొదటి వారం.”

“మరేటి సెప్పలేదు?”

పైడిరాజు పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తి మళ్లీ దించేసుకున్నాడు. నేను ఏదో ఒకటి చెప్పాలి.

“నాకు బాగుండేది,” అన్నాను.

“బాగుండేదా!” తెడ్డు గట్టు మీద పడేసింది. “జనం ఒచ్చి వరాలు పాకం అంటే వరాలు పాకమే అని మెచ్చుకుంటంటే నువ్వు పక్కన నిలబడి ఇన్నావు. నిన్ను నువ్వు మెచ్చుకుంటన్నట్టు ఇన్నావు. నేను కొంగు దోపుకుని ఎంత పొంగిపోయేనో సూసేవు కదా. నవ్వుకున్నావా?”

“నేదు.”

“ఏడిసేవా మరి?”

“నేదమ్మా.”

“ఏటీ నేదు నీకు. రాయివి.”

పెనంలో పొంగు తగ్గి బుడగలు బరువెక్కాయి. అది కన్ను తుడుచుకుని, చన్నీళ్ల గిన్నె తెచ్చుకుంది. ఉంగరపు వేలు దానంతట అదే ముందుకొచ్చింది. ఉండ కట్టింది. గుండ్రంగా, ముత్యంలా ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని కొంతసేపు చూసింది. తనది కాని వస్తువు ఇంట్లో దొరికితే చూసినట్టు చూసి, పొయ్యిలోకి విసిరేసింది.

“దించీయండి,” అంది పైడిరాజుతో. నా వైపు తిరిగింది. “ఊడిస్తే నాకేటి మిగులుతాది?”

“ఉత్త సెయ్యి. పాకం పోతాది. పిల్ల జడా, జాకెట్టు హుక్కులూ, అన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. ఏది నాదో ఏది నీదో విడదీయలేరంట.”

“పద.”

పైడిరాజు మోటారు సైకిలు తీశాను, వరాలు నా వెనక కూర్చుంది. బూడిద రంగు చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో కప్పింది. ఆస్పత్రి దగ్గరకి రాగానే భుజం మీద తట్టింది.

“ఆపు. ఆయన దగ్గరికెల్లేనన్నావు. సెప్పేవా?”

తల అడ్డంగా ఊపాను.

“దిగు.”

నన్ను ముందు నడిపించింది. అమ్మాజీ గుమ్మంలోనే ఎదురైంది. పొద్దున నువ్వడిగిన మాటకి జవాబు, అన్నాను. నాకు తెలుసు. రెండేళ్ల ముందు తెలుసు. ఒక్క మాట చెప్పుంటే ఆపేవాళ్లు. లోపల మంచం మీద గౌరీసు విన్నాడు. మారకం అనలేదు, బావూ అనలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అమ్మాజీ నా వైపు కాకుండా వరాలు చేతి వైపు చూసి, “అది తీయించీ అమ్మా, తొందరగా,” అంది.

కేంద్రంలో మృణాళిని గారికీ అదే చెప్పాను. పొద్దున లేదన్నది అబద్ధమన్నాను. ఆవిడ మూలనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“ఉంగరపు వేలు! నేను తీసేసిన వేలు మళ్లీ కనిపించిందని చెబితే, ఆ పూటే పట్టుకునేదాన్ని నాయుడుగారూ.”

“అవును.”

“ఇన్ని పరీక్షలు పెట్టాను. అందరినీ చెయ్యి పనిచెయ్యట్లేదా అని అడిగాను. ఎక్కువ బాగా పనిచేస్తోందా అని అడగలేదు.” తరవాత లేచి, తెర మీద ఒక వరస చూపించారు. చీమంత ఉంది. “ఇదే. దీనికోసమే.”

వరాలు బల్ల మీద చెయ్యి పెట్టింది. జోగారావు తీగలు తగిలించాడు. “కళ్లు మూసుకో వదినా,” అన్నాడు.

“ఎందుకూ, పెళ్లిసూపులా?”

తెరిచే ఉంచింది. మీట నొక్కగానే బూడిద రంగు వేళ్లు ఒకసారి దగ్గరికి ముడుచుకున్నాయి. ఆ ముడత నాకు తెలుసు. తెడ్డు కింద పెట్టి నీళ్లు తాగబోయే ముందు నేను అలా ముడుస్తాను. తరవాత ఏమీ లేదు. అన్నం తిని పడుకున్న పిల్ల చెయ్యిలా వాలిపోయింది. కాసేపటికి మెల్లగా, పూర్తిగా తెరుచుకుంది. జోగారావు గ్లాసు అందించాడు. పట్టుకోబోయి జారవిడిచింది. ఇంకో గ్లాసు. అదీ జారింది. గోదాము నేల మీద ఆ స్టీలు మోత ఆగడానికి చాలాసేపు పట్టింది. వరాలు ఎడమ చేత్తో జాకెట్టు అంచు పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. నేను మోత ఆగేదాకా నేలని చూస్తూ ఉన్నాను.

మిగతా పది చేతులూ వారంలో ఊడ్చేశారు. ఒక దర్జీ నాలుగు రోజులు మా గుమ్మం ముందుకొచ్చి తిట్టాడు. తన చేతిలోని చిప్పు అంతకుముందు ఒక కుట్టు మాస్టారుదట, ఊడ్చాక కాజా కూడా కుట్టడం లేదట. అతనికి జవాబు చెప్పడం కూడా నా వంతే అయింది. అరుగు మీద కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చెప్పేవాణ్ని. రెండు రోజులు వినకుండా వెళ్లిపోయాడు. మూడో రోజు విన్నాడు. నాలుగో రోజు మళ్లీ తిట్టాడు.

పెనం నా చేతికి తిరిగొచ్చింది. పాకం చూసినప్పుడల్లా వరాలు మొహం పక్కకి తిప్పుకునేది. ఇంట్లో గరిటె, చీపురు, దువ్వెన, ఒక్కొక్కటే ఆ చేతికి నేర్పుకుంది. మనవరాలి జడ మూడు పాయల్లో ఒకటి ఎప్పుడూ బయటే ఉండేది. పిల్ల అలాగే బడికి వెళ్లేది.

మార్చి మొదటి వారంలో, ఇక పది రోజుల్లో గానుగలు ఆగుతాయనగా, వరాలు పొద్దున్నే వచ్చి నా చేతిలోంచి తెడ్డు తీసుకుంది.

“ఈ పెనం నేను పడతాను. నువ్వు అటెల్లి నిలబడు. సెయ్యి ఊపకు. దగ్గకు.”

గానుగ దగ్గర ఉన్న అయిదారుగురు పని ఆపి దగ్గరికొచ్చారు. నేను పొయ్యి అవతలికి వెళ్లాను. రసం పొంగింది, మురికి తీసింది. సున్నం నీళ్లు పోసింది. బానే పోసింది. పెద్ద బుడగలు చిన్నవయ్యాయి. గిన్నెలో పాకం వేసి చూపుడువేలితో చూసింది, తల్లి పాఠం నేర్పినట్టు. నమ్మకం కలగలేదు. ఎడమ చేత్తో కూడా చూసింది. కుడి చేత్తో మళ్లీ చూసింది. ఆ లోపల దించాల్సిన సమయం వచ్చింది. వెళ్లిపోయింది. నాలుక పంటి కింద పెట్టుకుని నిలబడ్డాను. చాలా ఆలస్యంగా, “దించండి,” అంది.

అచ్చుల్లో పోసిన బెల్లం నల్లగా బిగుసుకుంది. “ఒలమ్మా, బొగ్గుల కుంపటిలోకి పనికొస్తాది,” అన్నాడు ఒకడు. “ఒరే, నీ పళ్లు ఊడగొట్టడానికి పనికొస్తాది,” అంది వరాలు. అందరూ నవ్వి ఎవరి పనికి వాళ్లు పోయారు. పైడిరాజు పెనం కడగడానికి నీళ్లు తెచ్చాడు.

వరాలు ఉలితో ఒక మూల పగలగొట్టి నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క నాకు తెచ్చి ఇచ్చింది. ముందు తీపి, వెనక చేదు. మాడిన వాసన గొంతులోకి దిగింది.

“ఇంత దరిద్రపు పాకం నువ్వెప్పుడేనా పట్టేవా?”

“నేదు.”

“అయితే ఇది నాదే.” ముక్క నములుతూ గట్టు మీద కూర్చుని, తన పక్కన ఉన్న పిప్పి చేత్తో తుడిచింది. “కూకో. ఎక్కడ తప్పేను?”

నలభై ఎనిమిదేళ్లు పాకం పట్టాను. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర మాటలు లేవని కూర్చున్నాక తెలిసింది. వేళ్లు కదిపాను. వరాలు నా వేళ్ల మీద తన ఎడమ చెయ్యి వేసి ఆపేసింది.

“సెయ్యి కాదు. నోటితో.”

“బుడగలు,” అన్నాను. “బుడగలు సిన్నవవుతాయి కదా...”

“ఊఁ.”

“అప్పుడు కాదు. అవి పగిలినప్పుడు సప్పుడు...” ఆగిపోయాను. ఆ చప్పుడుని ఏమనాలో తెలియలేదు.

“తొందర నేదు,” అంది. “ఇంకో పెనం ఎక్కిద్దారి. ఆ సప్పుడొచ్చినప్పుడు సెప్పు.”

పైడిరాజు రసం పోశాడు. పొయ్యిలో మంట లేచింది. నేను కుర్రాడిలా గొంతు సవరించుకుని, పెనం వైపు చెవి పెట్టి కూర్చున్నాను.